మానుకోటలో సగం, కాటారంలో సగం

జనగామ స్టేషన్ రోడ్డులో పెళ్లి కార్డులు అచ్చు వేయించుకునేవాళ్లకు ఇస్మాయిల్ దుకాణం తెలియకుండా ఉండదు. యాభై మూడేళ్ల మనిషి. ముక్కు మీద కళ్లద్దాలు, చెవి మీద పెన్సిలు. పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా కంప్యూటర్ ముందు కూర్చుని లగ్నపత్రికలు, నిఖా కార్డులు, దశదినకర్మ కార్డులు టైపు చేస్తుంటాడు. ఆ కంప్యూటర్ ఏ పేచీ పెట్టకుండా పనిచేస్తుంది. అందుకే దాని మీద ఆయనకు పెద్ద మమకారం లేదు. మమకారమంతా ఇంట్లో ఉన్న పదకొండు పాత కంప్యూటర్ల మీద. వాటిలో ఒక్కటి కూడా పనిచేయదు.

అవన్నీ ఆయన ఫోన్లో చూసి కొన్నవే. పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో బీరువాలకూ బర్రెలకూ మధ్య ఎక్కడో ఒక మూల నలభై ఏళ్ల కిందటి కంప్యూటర్ బొమ్మ కనపడుతుంది. కింద ఒక్క ముక్క రాసి ఉంటుంది: 'టెస్ట్ చెయ్యలే.' ఆ ముక్క చదివితే వేరేవాళ్లకు అనుమానం రావాలి. ఇస్మాయిల్‌కు ఆశ పుడుతుంది. టెస్ట్ చేయలేదంటే పనిచేయదని కాదు కదా, పాపం వాళ్లకు చూసే తీరిక లేదేమో, ప్లగ్గు దొరకలేదేమో అని అమ్మేవాడి తరఫున ఆయనే వకాల్తా పుచ్చుకుంటాడు.

కరీంనగర్ నుంచి తెచ్చిన పెట్టె విప్పితే లోపల బోర్డు ఉండాల్సిన చోట ఎలుక కాన్పు అయి ఉంది. హైదరాబాద్ నుంచి కొరియర్‌లో వచ్చినదాన్ని ప్లగ్గులో పెడితే గల్లీ మొత్తం కరెంటు పోయింది. పదకొండిట్లో ఏదో ఒక పని చేసింది అదొక్కటేనని ఇస్మాయిల్ ఇప్పటికీ దాన్ని కాస్త ఎక్కువ గౌరవంగా చూస్తాడు.

ఆయన భార్య బషీరున్నీసా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కంప్యూటర్లు ఒక్కొక్కటే వచ్చి చేరేకొద్దీ ఆమె కుట్టు మిషను జరిగి జరిగి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆ ఇంట్లో మాట్లాడుకునేది దక్కనీ. దక్కనీలో ఆమె భర్తను 'ఆప్' అని మర్యాదగా పిలుస్తుంది. కోపం వస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది. తెలుగులో 'నువ్వు' అనొచ్చు, పైగా గల్లీ అందరికీ అర్థమవుతుంది.

"పుచ్చకాయలమ్మేటోడు కాయ కోసి చూపిస్తడు," అని ఆమె గుమ్మంలోంచి వినిపించేది. "కొయ్యను, లోపల ఎట్లున్నదో నాకు తెల్వదు అన్నడంటే, వానికి మస్తు తెలుసన్నట్టు. గది నీకెందుకు సమజైతలేదు?"

ఇస్మాయిల్‌కు సమజు కాక కాదు. ఆయన తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, దండ వేసి, పెద్ద సార్ గదిలో పెట్టారు. పిల్లలను చెప్పులు బయట విడిపించి, వరసలో తీసుకెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని చూడమన్నారు. అది లేత గోధుమ రంగులో, నల్లటి మీటలతో, పక్కన అంచు మీద వెండి గీత ఉన్న చిన్న తెరతో ఉంది. ఇస్మాయిల్ చేయి తనకు తెలియకుండానే వెనక నుంచి ముందుకు వచ్చింది. మీటకు బెత్తెడు దూరంలో ఉండగా పెద్ద సార్ బెత్తం ఆ చేతి మీద పడింది. మర్నాడు దాన్ని గుడ్డతో కప్పి బీరువాలో పెట్టి తాళం వేశారు, పిల్లలు పాడు చేస్తారని. ఇస్మాయిల్ పది పాసై బయటికి వచ్చేదాకా ఆ తాళం తీయగా ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత బతుకంతా ఆయన మీటలు నొక్కుతూనే ఉన్నాడు. అయినా ఆ ఒక్క మీట నొక్కలేదన్న వెలితి లోపల ఎక్కడో ఉండిపోయింది. కనపడిన పాత పెట్టెనల్లా తెచ్చుకోవడం అందుకే. అయితే అసలు అదే రకం యంత్రం మాత్రం ఇన్నేళ్లలో ఎక్కడా తగల్లేదు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం తగిలింది. మహబూబాబాద్ దగ్గరి ఒక తండా నుంచి ఎవరో వాల్యా పెట్టిన ప్రకటన. 'బడి కంప్యూటర్. పాతది. టెస్ట్ చెయ్యలే.' ఫొటోలో కంప్యూటర్ కంటే దాని మీద కూర్చున్న కోడి స్పష్టంగా ఉంది. కానీ కోడి కింద లేత గోధుమ రంగు పెట్టె, నల్లటి చిన్న తెర. ఇస్మాయిల్ చేతిలో ఉన్న నిఖా కార్డులో పెళ్లికొడుకు తండ్రి పేరు రెండుసార్లు పడింది.

వెంటనే ఫోన్ చేశాడు.

"అన్నా, సామాన్లన్నీ ఉన్నయా?"

"ఉండాల్సినయి అన్నున్నయి భాయ్," అన్నాడు వాల్యా. "బరువు మస్తున్నది. మనిషిని తోడు తెచ్చుకో."

ఆ సాయంత్రం బషీరున్నీసా చేతిలోని జాకెట్టు పక్కన పెట్టి, అంతా విని, ఒక షరతు పెట్టింది. శాంతంగా, తెలుగులో పెట్టింది కాబట్టి అది ఆఖరి మాట అని ఇస్మాయిల్‌కు తెలిసింది.

"పో. వద్దంటే ఆగుతవా? గని ఇగ నా గడప లోపటికి పని చేసేదే రావాలె. యాడ కొంటవో ఆడనే పెట్టి చూడు. పని చేస్తే తే. చెయ్యకపోతే ఆడనే ఇడిసిపెట్టి ఉత్త చేతులతోని రా."

మర్నాడే ఇస్మాయిల్ రైలెక్కాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మహబూబాబాద్‌ను మానుకోట అంటారు. స్టేషన్లో దిగి, ఆటో మాట్లాడుకుని తండాకు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వాల్యా ఇంటి ముందు వాకిలంతా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఇస్మాయిల్ సలాం చెప్పబోయి ఆరుసార్లు తుమ్మాడు. వాల్యా ఓపికగా నిలబడి అన్ని తుమ్ములూ అయ్యాక నమస్తే పెట్టాడు.

వాల్యాకు అరవై దాటాయి. టౌన్లో ఒక ప్రైవేటు బడిలో అటెండరుగా చేశాడు. బడి మూతపడి సామాన్లు వేలం వేసినప్పుడు బెంచీలు, గంట, ఈ కంప్యూటర్ పాడుకున్నాడు. బెంచీలు మంచాలయ్యాయి. గంట ఎద్దు మెడలోకి పోయింది. కంప్యూటర్ మీద మూడేళ్లుగా కోడి పొదుగుతోంది.

"కోడిని లేపుతె పొడుస్తది. జర ఆగు," అంటూ వాల్యా భార్య చాందీ గింజలు చల్లి దాన్ని కిందికి దింపింది.

ఇస్మాయిల్ మోకాళ్ల మీద కూర్చుని దుమ్ము తుడిచాడు. అదే తెర. అంచు మీద అదే వెండి గీత. లోపలికి మోసుకెళ్లి, ప్లగ్గులో పెట్టి, మీట తిప్పాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత సన్నగా గుయ్యిమంటూ తెర మసకగా వెలిగింది.

"చూసినవా?" అన్నాడు వాల్యా, తానే దాన్ని తయారుచేసినంత గర్వంగా. "పని జేస్తాంది. టెస్ట్ జేస్తే ఇంకింత రేటు చెప్పేటోన్ని."

ఇస్మాయిల్ చుట్టూ చూశాడు. మంచం కింద చూశాడు. "మరి కంప్యూటర్ యాడుందన్నా?"

"గిదేగద."

"ఇది తెర. టీవీ అసుంటిది. బటన్లు ఉన్న పీట ఒకటి ఉండాలె."

"ఓ, టైపు పీటనా?" వాల్యా నవ్వాడు. "అది దీనికెందుకు భాయ్? ఊకె బటన్లు. నా చెల్లె అడిగితే ఇచ్చిన. కంప్యూటర్ మాత్రం ఎవ్వల్ని ముట్టనియ్యలే."

ఇస్మాయిల్ మంచం మీద కూర్చుండిపోయాడు. నెమ్మదిగా, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఆ కాలపు యంత్రాల్లో కంప్యూటర్ మొత్తం ఆ పీటలోనే ఉంటుంది. బోర్డు, మెదడు, కరెంటు డబ్బా అన్నీ మీటల కిందనే. ఈ పెట్టె వట్టి అద్దం లాంటిది, మొహం ఆ పీటది.

వాల్యా తెరవైపు చూశాడు. "అంటే మూడేండ్లు నేను దాచింది..."

"అద్దమన్నా."

చాందీ లంబాడీలో ఏదో అంది. ఇస్మాయిల్‌కు ఆ భాష రాదు. కానీ ముప్పై ఏళ్లు కాపురం చేసినవాడు కాబట్టి ఆ గొంతు ఏ భాషలో విన్నా గుర్తుపడతాడు. వాల్యా కూడా తల వంచుకున్నాడు.

వాల్యా ఆఖరి చెల్లెలి పేరు నీలి. పెళ్లై భూపాలపల్లి జిల్లా కాటారం వైపు పోయింది, అక్కడ అంగన్‌వాడీ టీచరు. వాల్యా అప్పటికప్పుడు ఫోన్ చేసి స్పీకరు పెట్టి, ఇస్మాయిల్‌కు అర్థమవ్వాలని తెలుగులోనే మాట్లాడాడు. అవతల పిల్లలు ఏదో కోరస్‌గా అరుస్తున్నారు.

"నీలీ, ఆ టైపు పీట ఉన్నదా?"

"ఉన్నది. ఎందుకన్నా?"

"దాన్ని అమ్మిన."

"నాకిచ్చినంక నువ్వెట్ల అమ్ముతవు?"

"నేను అమ్మలే. తెర అమ్మిన. గని కంప్యూటర్ నీ దగ్గరున్నదంట."

అవతల పిల్లలను గద్దించిన గొంతు వినిపించింది. తర్వాత నీలి, "చూస్తానంటే రమ్మను. ఇచ్చుడు సంగతి తర్వాత," అని పెట్టేసింది.

తెర వెలిగింది కాబట్టి ఇస్మాయిల్ దాన్ని తీసుకుని రైలెక్కాడు. కంప్యూటర్ సగమే పనిచేసింది గనుక షరతు ప్రకారం ఇంట్లోకి తేలేక దుకాణంలో పెట్టాడు. విషయం విన్న బషీరున్నీసా కొంచెంసేపు ఆలోచించి, "సన్వారం నేను గూడ వస్త," అంది. "నువ్వు పోతే ఆ పిల్ల ఏం జెప్పినా నమ్మి, ఇంకో సగం ఇంకేడనో ఉన్నదని ఆదిలాబాద్ దాక పోతవు."

శనివారం తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరారు. తెరను దుప్పట్లో మూటకట్టి ఇస్మాయిల్ ఒళ్లో పెట్టుకున్నాడు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి బస్సులో మగవాళ్లకు సీటు దొరకడం బషీరున్నీసా లాంటి మనిషి వెంట ఉంటేనే. కండక్టరమ్మ వచ్చి బషీరున్నీసాకు జీరో టికెట్ కొట్టింది, ఇస్మాయిల్‌కు ఫుల్ టికెట్ కొట్టింది. దుప్పటి మూటను రెండు వేళ్లతో తట్టి చూసి దానికి లగేజీ టికెట్ కొట్టింది.

"చూసినవా," అంది బషీరున్నీసా. "ముగ్గురిట్ల నేనొక్కదాన్నే ముఫత్. దానికున్న ఇజ్జత్ గూడ నాకు లేదు."

వెనక సీటు ముసలావిడ మెడ సాచి అడిగింది. "టీవీనా బిడ్డా?"

"కంప్యూటర్ల సగం, అవ్వా," అన్నాడు ఇస్మాయిల్.

"మిగిలిన సగం?"

"దాని కోసమే పోతున్నం," అంది బషీరున్నీసా. ముసలావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, దవాఖానకు పోయేవాళ్లను చూసినట్టు జాలిగా తల ఊపింది.

హనుమకొండలో ఒక బస్సు, భూపాలపల్లిలో ఇంకొక బస్సు మారారు. కాటారంలో దిగి ఆటోలో ఆ ఊరు చేరేసరికి పన్నెండు కావస్తోంది. అంగన్‌వాడీ ఒకే గది, గోడల మీద ఏనుగు, అరటిపండు, జాతీయ జెండా. రోడ్డు మీదికే పిల్లల చదువు వినపడుతోంది. ఇస్మాయిల్ ఆగి చెవి పెట్టాడు.

"క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్, టీ, వై..."

ముప్పై ఏళ్లుగా వేళ్లతో చదివిన పాఠం. నోటితో ఎవరైనా చదవడం ఆయన మొదటిసారి విన్నాడు.

నీలి ముప్పై ఐదేళ్ల మనిషి, కొంగు నడుముకు చుట్టి, ఒక చేత్తో అన్నం గిన్నె మూత పెడుతూ బయటికి వచ్చింది. వాళ్లకు చాప వేసి మంచినీళ్లిచ్చింది. లోపల ఎత్తు తక్కువ బల్ల మీద, చుట్టూ పద్నాలుగు మంది పిల్లల మధ్య అది ఉంది. లేత గోధుమ రంగు, నల్లటి మీటలు. ఒక మీట ఊడిపోయిన చోట చొక్కా గుండీ అంటించి ఉంది. వెనక వైరు మొదట్లోనే కత్తిరించి ఉంది.

"పిల్లలు ప్లగ్గుల పెడుతరని నేనే కోసేసిన," అంది నీలి. "చార్టులు తగిలిస్తే వారం దినాలల్ల చింపేస్తున్రు సార్. గిది మూడేండ్లాయె, ఏం కాలే. ఎంత కొట్టినా టకటకమని సప్పుడొస్తది, సంబురపడి నేర్చుకుంటున్రు."

"మరి ఏబీసీడీలు వరసగ రావాలె గద బిడ్డా?" అడిగింది బషీరున్నీసా.

"సూపర్‌వైజర్ మేడం గూడ గదే అన్నది, పిల్లలకు తప్పు నేర్పుతున్నవని. తప్పు కాదు మేడం, మీ ఫోన్ల చూసుకోండ్రి, గిట్లనే ఉంటది అన్న. ఆమె ఫోన్ తీసి చూసుకున్నది. ఏం రాయకుంట పోయింది."

బషీరున్నీసా మొహంలో నీలి మీద గౌరవం వెంటనే కనపడింది.

ఇస్మాయిల్ సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, అనుమతి కోసం నీలి వైపు చూశాడు. నీలి పిల్లల వైపు చూసింది. పద్నాలుగు మంది ఒక్కసారి తలలూపారు. మూత తీస్తే లోపల చాక్‌పీసు ముక్కలు, రెండు గాజు ముక్కలు, గుడ్డు పెంకు, ఎవరిదో పాలపన్ను బయటపడ్డాయి. పన్ను తనదని ముగ్గురు కొట్లాడుకున్నారు. ఆయన బ్రష్షుతో బోర్డంతా ఊడ్చి, కోసిన వైరుకు కొత్త వైరు కలిపి, టేపు చుట్టి, తెరను తెచ్చి పక్కన పెట్టాడు. నీలి చాక్‌పీసుతో నేల మీద గీత గీసి పిల్లలను గీత అవతల కూర్చోబెట్టింది.

"పని చెయ్యకపోతే?" అంది బషీరున్నీసా మెల్లగా దక్కనీలో.

ఇస్మాయిల్ స్విచ్చి వేశాడు.

బూ... బీప్, అని రెండు ముక్కల శబ్దం వచ్చింది. తెర మీద నాలుగు ఇంగ్లీషు పంక్తులు తెల్లగా పడ్డాయి. వాటి కింద ఒక చిన్న గీత మినుకుమినుకుమంటూ నిలబడింది. ఇంకేమి రాస్తావు అని అడుగుతున్నట్టు.

ఇస్మాయిల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. మొదట ఏ అక్షరం నొక్కాలో ఆయన ఎన్నో ఏళ్ల కిందటే నిర్ణయించుకున్నాడు. 'ఐ'. ఇస్మాయిల్‌లో ఐ. చెయ్యి ముందుకు చాచాడు. కానీ మీటకు బెత్తెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. ఎవరూ కొట్టరని తెలుసు. అయినా వేలు కిందికి దిగలేదు. మణికట్టు మీద ఏదో చురుక్కుమన్నట్టయింది.

ఈలోగా నాలుగేళ్ల పిల్ల ఒకతి గీత దాటి వచ్చి, ఆయన చేతి కింద నుంచి దూరి, మొదటి మీట నొక్కింది. తెర మీద క్యూ పడింది.

"క్యూ," అన్నారు పిల్లలంతా.

"విజయా, వెనుకకు రా," అంది నీలి. కానీ తన కళ్లు కూడా తెర మీదనే ఉన్నాయి.

ఇస్మాయిల్ వేలు కదిలింది. ఐ వైపు వెళ్తుంటే పిల్లలు ఊరుకోలేదు. "డబ్ల్యూ, డబ్ల్యూ," అని అరిచారు. క్యూ తర్వాత ఐ రావడం వాళ్ల చదువులో లేదు. ఆయన బుద్ధిమంతుడైన విద్యార్థిలా డబ్ల్యూ నొక్కాడు. మీట టక్కుమంది. ఆ టక్కు ఆయన భుజం దాకా పాకింది. పిల్లలు ఈ అన్నారు, ఆయన ఈ నొక్కాడు. ఆర్ అన్నారు. టీ అన్నారు. వై నొక్కేసరికి యంత్రం వెనక నుంచి ఠప్పుమని పటాకీ పేలినట్టు పేలి, తెల్లటి పొగ గుప్పున లేచింది.

గల్లీ కరెంటు పోయిన అనుభవం ఉన్న మనిషి కాబట్టి బషీరున్నీసా అందరికంటే ముందు లేచి ప్లగ్గు పీకింది. నీలి కోడి పిల్లలను తరిమినట్టు పిల్లలను రెండు చేతులతో బయటికి తరిమింది. కుళ్లిన చేపలు కాల్చినట్టు వాసన. ఇస్మాయిల్ పొగలో దగ్గుతూ నిలబడ్డాడు. కిటికీ ఊచల్లోంచి పద్నాలుగు ముఖాలు లోపలికి చూశాయి.

"ఇంకోసారి," అంది విజయ.

పొగ చూసి నలుగురైదుగురు తల్లులు పరుగెత్తుకొచ్చారు. నీలి వాళ్లకు ఏమీ కాలేదని చెప్పి పంపి, లోపలికి వచ్చి కొంగుతో ముక్కు మూసుకుంది.

"సార్, మూడేండ్లు నా దగ్గర ఏం కాలే. మీరొచ్చి గంట కాలే."

ఇస్మాయిల్ మూత తీసి, లోపల పగిలి నల్లబడిన చిన్న ముక్కను పట్టకారుతో లాగాడు. రూపాయి బిళ్లంత ఉంది. "పేలింది గిదొక్కటే నీలమ్మా. పాతబడితే పగుల్తయి. ఇది లేకున్నా కంప్యూటర్ నడుస్తది. తప్పు నాది. పిల్లలు లేనప్పుడు చూడాల్సింది."

"అసలు పని చేసినట్టా, చెయ్యనట్టా?" అడిగింది బషీరున్నీసా. షరతు ఆమెది, తీర్పు చెప్పాల్సిందీ ఆమే.

"ఆరు అక్షరాలు చేసింది," అన్నాడు ఇస్మాయిల్.

బషీరున్నీసా నడుము మీద చేతులు పెట్టుకుని ఆలోచించింది. పదకొండు కంప్యూటర్లలో ఏదీ ఒక్క అక్షరం రాయలేదు. ఆరు రాసినదాన్ని పనిచేయలేదని అనడానికి ఆమెకు మనసొప్పలేదు. "చేసినట్టే," అంది చివరికి, దిగులుగా.

అంటే ఇంటికి తీసుకుపోవచ్చు. ఇస్మాయిల్ ఈ మాట కోసమే వచ్చాడు. దుప్పటి అందుకున్నాడు. మూట కట్టడానికి వంగినవాడు ఒక్క నిమిషం అలాగే ఉండిపోయాడు. ఇంటికి తీసుకుపోతే ఏం చేస్తాడు? బాగు చేస్తాడు. దుమ్ము పడకుండా గుడ్డ కప్పుతాడు. ఎవరైనా వస్తే చూపిస్తాడు, ముట్టుకోకండి అని చెప్తాడు. ఆ మాట తన గొంతుతో ఎలా ఉంటుందో చెవిలో వినపడింది.

దుప్పటి మడిచి పక్కన పెట్టాడు.

"నీలమ్మా, దీన్ని ఇక్కడ్నే ఉంచుత. తెర గూడ ఉంచుత. గని ఇప్పటికి ప్లగ్గుల పెట్టొద్దు. వచ్చే నెల సామాన్లు తెచ్చి, పిల్లలు ముట్టినా ఏం కాకుంట చేసిస్త."

నీలి వెంటనే నమ్మలేదు. "ఏమన్న తీసుకుంటరా సార్?"

"ఏం వద్దు బిడ్డా," అంది బషీరున్నీసా, భర్త నోరు తెరిచేలోపే. ఒక కంప్యూటర్ తమ ఇంటికి రాకుండా వేరేచోట ఉండిపోవడం ఆమె పెళ్లి జీవితంలో ఇదే మొదటిసారి. ఆ సంతోషంలో తను తెచ్చుకున్న డబ్బాలోని కీమా రొట్టెలు తీసి నీలికి సగం పెట్టింది. నీలి పిల్లలకు వండిన గుడ్ల పులుసు వాళ్లకు వడ్డించింది.

చెప్పినట్టే నెల తిరిగేసరికి ఇస్మాయిల్ భార్యను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. లోపలి పాత కరెంటు డబ్బా మొత్తం పీకేసి, కొత్తది గోడ మీద పిల్లలకు అందనంత ఎత్తులో బిగించాడు. అక్కడి నుంచి యంత్రానికి సెల్‌ఫోన్ ఛార్జరు వైరు లాంటి సన్నటి తీగ ఒక్కటే కిందికి దింపాడు. దాన్ని నోట్లో పెట్టుకున్నా షాకు కొట్టదని నీలికి చూపించడానికి తానే వేళ్లతో పట్టుకుని నిలబడ్డాడు. నీలి పూర్తిగా ఐదు నిమిషాలు అలాగే నిలబెట్టి, ఆ తర్వాతే పిల్లలను పిలిచింది.

ఈసారి వాల్యా కూడా వచ్చాడు, తాను అమ్మిన వస్తువు ఏమిటో చూద్దామని. తెర మీద అక్షరాలు పడుతుంటే నోరు తెరుచుకుని చూశాడు.

"గింత పని చేస్తదని తెలుస్తే టెస్ట్ చేసేటోన్నే భాయ్," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా బావమరిది కాడ ఒక పెద్ద మిషన్ ఉన్నది. కంప్యూటరో, జిరాక్సో తెల్వది..." అని మొదలుపెట్టాడు.

"వాల్యన్నా," అంది బషీరున్నీసా. అంతే అంది. వాల్యా ఆ మిషన్ ప్రసక్తి మళ్లీ తేలేదు.

పిల్లలు వరసలో నిలబడి ఒక్కొక్కరు వచ్చి తమ పేరులో మొదటి అక్షరం నొక్కి పోతున్నారు. విజయ వంతు రెండుసార్లు వచ్చింది, ఎలా వచ్చిందో నీలికి అర్థం కాలేదు. అందరూ అయ్యాక నీలి పిల్లల ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాగి, "అమ్మా, మీరు గూడ కొట్టున్రి," అంది.

"నాకెందుకు బిడ్డా," అంది బషీరున్నీసా. ముప్పై ఏళ్లు డీటీపీవాలా భార్యగా ఉండి ఆమె ఎన్నడూ ఒక్క మీట ముట్టలేదు. ముట్టమని ఇస్మాయిల్ ఎన్నడూ అనలేదన్న సంగతి ఆ క్షణంలోనే ఆయనకు తోచింది. ఆయన పక్కన గొంతుక్కూర్చుని, "నీ పేరు రాద్దాం. నేను చూపిస్త, నువ్వు నొక్కు," అన్నాడు.

ఆమె అంత చిన్న కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఆయన చూపించాడు, ఆమె చూపుడు వేలితో సూదిలో దారం ఎక్కించేంత జాగ్రత్తగా నొక్కింది. పడిన ప్రతి అక్షరాన్నీ పిల్లలు గట్టిగా చదివారు. బీ. ఏ. ఎస్. హెచ్. పేరు పొడుగు కదా, సగం దాటేసరికి పిల్లలకు ఊపు వచ్చి బల్ల మీద దరువు వేయడం మొదలుపెట్టారు. ఎన్ దగ్గర మీట ఇరుక్కుని తెర మీద ఎన్నులు ఐదారు బారుగా పడ్డాయి.

"ఎక్కువొచ్చినయి. తుడిచేస్త," అన్నాడు ఇస్మాయిల్.

"వద్దు, ఉండనీ," అంది బషీరున్నీసా, తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా. "ఇంకేం మిగిలినయి?"

"మూడు."

"చూపియ్యి," అని ఆమె వేలు ఎత్తి పట్టుకుంది.